కోసిగి చేలో సాక్సన్ మాట

గుంతకల్లులో ఎక్కిన రాయచూరు పాసింజరు ఆదోనిలో సగం ఖాళీ అయింది. కుప్పగల్లు దాటాక పట్టాల పక్కన గుండ్లు మొదలైనాయి. ఏ పిల్లలో ఒకదానిమీద ఒకటి పేర్చి ఆడుకుంటూ, అన్నానికి పిలిస్తే వదిలేసి పోయినట్టు ఉంటాయవి. ఇంకాస్త ముందుకు పోతే కోసిగి అక్కచెల్లెళ్ళు, పక్కపక్కనే నిలబడ్డ నిలువు బండలు. 1904లో బళ్ళారి జిల్లా గెజిటీరు రాసిన ఫ్రాన్సిస్ దొర కూడా వీటి ముచ్చట రాశాడు. కోసిగి సంగతి బళ్ళారి పుస్తకంలోకి ఎందుకు పోయిందంటే, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా ఆదోని తాలూకా అంతా బళ్ళారి జిల్లానే.

కోసిగిలో దిగింది పదిమందిమి. గుంతకల్లు వైపు బండి ఎక్కడానికి నిలబడినవాళ్ళు మాత్రం సంతలో ఉన్నంతమంది. మూటలు, బిందెలు, చుట్టచుట్టిన బొంతలు, తల్లి చంకలో నిద్రపోతున్న పిల్లలు. సంక్రాంతి అయిపోయింది, పత్తి ఏరడం అయిపోయింది. గుంటూరు వైపు మిరప కోతలకు పోతున్నారు. ఇక్కడ దీన్ని సుగ్గికి పోవడం అంటారు. కన్నడంలో సుగ్గి అంటే కోతల కాలం. పంట తన ఊళ్ళో లేకపోతే, పంట ఉన్న ఊరికి మనిషి నడిచిపోవడం కూడా సుగ్గే అయింది.

నన్ను రమ్మన్నది నా పాత సహోద్యోగి. ఇద్దరం చాలాకాలం పోటీ పరీక్షల పిల్లలకు చరిత్ర చెప్పినవాళ్ళం. ఫోనులో అన్నాడు: "మా పెదనాయన చేను కాగితంలో తొమ్మిది సెంట్లు తగ్గింది. పాత పాసుబుక్కులో రెండెకరాల ఎనభైయేడు. ఇప్పుడు కంప్యూటర్లో రెండెకరాల డెబ్బైయెనిమిది. ఏ రాజు కాలంలో తగ్గిందో నువ్వొచ్చి చెప్పు."

ఎనభైయేడు, డెబ్బైయెనిమిది. ఏ రాజూ అక్కర్లేదు, ఎవరి వేలో రెండు అంకెల్ని అటుదిటు చేసింది. అయినా బయల్దేరాను. కారణం ఇంకొకటుంది.

కిందటేడు ఇంగ్లండులో మా మేనల్లుడి దగ్గర నెలరోజులున్నాను. వాడుండేది చిన్న ఊరు. మన లెక్కలో మజరా. ఊరి మొదట్లో బోర్డు: ఈ ఊరి పేరు 1086 నాటి డూమ్స్‌డే పుస్తకంలో ఉంది అని. ఏళ్ళతరబడి ఆ పుస్తకం గురించి పిల్లలకు రెండు మార్కుల జవాబు చెప్పించాను కానీ, అదొక ఊరికి ఎట్లా ఉంటుందో ఎన్నడూ ఆలోచించలేదు. మేనల్లుడు కంప్యూటర్లో తీసి చూపించాడు. ఆ ఊళ్ళో నాగళ్ళెన్ని, కాపులెందరు, గడ్డిబీడెంత, మరయెక్కడ, నార్మన్లు రాకముందు ఎడ్వర్డు రాజు కాలంలో ఎవరిది, ఇప్పుడెవరిది, అప్పుడెంత విలువ చేసేది, ఇప్పుడెంత చేస్తుంది. చూస్తుంటే ఎక్కడో చూసిన కాగితంలా అనిపించింది. అది మన అడంగల్, ఊరి భూముల లెక్క.

---

పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. బొరుగులు నానబెట్టి, పిండి, పుట్నాలపొడి చల్లి చేసే ఈ ఉగ్గాని కోసమైనా ఈ దారిన రావచ్చు. తిని, కాగితాలు తీసిచ్చే సెంటరుకు పోయాం. సర్వర్ పడిపోయింది. ఎప్పుడు లేస్తుందో కుర్రాడు చెప్పలేదు, మేమూ అడగలేదు. అరుగు మీద పెదనాయన కూర్చున్నాడు. తెల్లపంచె, భుజాన తువ్వాలు, చేతిలో ప్లాస్టిక్ కవరు. కవర్లో ఆయన ఆస్తి అంతా ఉంది.

"అర్జీ ఇచ్చి రెండు నెల్లాయ," అన్నాడు. "నకలు ఇస్తే అసలు చూపీమంటారు. అసలు చూపిస్తే హద్దులు రాయలేదంటారు. తాసిల్దారుకాడికి పోతే జమాబందిలో చూస్తామనె. బ్యాంకోళ్ళు బాకీ కట్టినాక వస్తే దరఖాస్తు తీసుకుంటామంటారు."

ఆ నాలుగు ముక్కల్లో మాటలు లెక్కపెట్టాను. అర్జీ, నకలు, అసలు, హద్దు, తాసిల్దారు, జమాబంది, బాకీ, దరఖాస్తు. ఎనిమిది. అన్నీ పారసీ, అరబీ గుమ్మం దాటి వచ్చినవే. ఆయన బడికి పోలేదు. పారసీ అనే భాష ఉందని కూడా ఆయనకు తెలియకపోవచ్చు. మరి చేలో ఏమంటాడీయన? చేను, గట్టు, గొర్రు, గుంటక, కొడవలి, ఎద్దు, మేడి, విత్తు, కలుపు. అందులో ఒక్కటీ దండు వెంట వచ్చిన మాట కాదు. అంటే పొలం గట్టు దిగి రోడ్డెక్కితే భాష మారుతోంది. గట్టు చేలో ఉన్నంతసేపు గట్టు, కాగితమెక్కితే హద్దు.

వాల్టర్ స్కాట్ 1819 చివర్లో అచ్చువేసిన ఐవన్‌హో నవలలో ఇలాంటి సంగతే ఒకటుంది. పంది కొట్టంలో ఉన్నంతకాలం ఓడిన సాక్సన్ల మాట, వండి గెలిచిన నార్మన్ దొర పళ్ళెంలో పెట్టగానే పోర్క్ అని ఫ్రెంచి మాట. సాకేవాడిది ఒక భాష, తినేవాడిది ఇంకొకటి. స్కాట్ నార్మన్లనూ సాక్సన్లనూ మరీ నలుపూ తెలుపూ చేశాడు, నాకది నచ్చదు. ఈ ఒక్క గమనిక మాత్రం బంగారం.

సర్వర్ లేవలేదు. "సాయంత్రానికి చూద్దాంలే, ఆదోని పోయొద్దాం పా," అన్నాడు మిత్రుడు.

---

ఆదోని బస్టాండు దగ్గర పత్తి లారీల వరస. ఊరి వెనక కొండలు, కొండల మీద కోట గోడల తునకలు. బారాకిల్లా, తాలిబండ అన్నవి ఆ కొండల్లో పెద్దవి. కోట పైకంటా ఎక్కే మోకాళ్ళు నావి కావు. సగం దారిలో ఒక బండ మీద కూర్చుని కిందికి చూస్తే పట్టణం మొత్తం కనబడుతుంది: మిల్లుల రేకులు, ఇళ్ళ కప్పులు, మధ్యలో జామియా మసీదు.

ఆ డూమ్స్‌డే పుస్తకం రాయించిన నార్మన్ విలియం ఇంగ్లండును ఒక్క యుద్ధంతో గెలిచాడంటారు. 1066 అక్టోబరు 14న హేస్టింగ్స్ దగ్గర హెరాల్డు రాజు పడిపోయాడు, చీకటి పడేసరికి తేలిపోయింది. మనకు 1565 జనవరి 23, విజయనగరం ఓడిన రోజు. రాక్షసితంగడి అనండి, తళ్ళికోట అనండి, అదీ ఒక్క రోజే. అయితే రాజు పడిన రోజున రాజ్యం మొత్తం పడదు. ఉత్తర ఇంగ్లండు లొంగక తిరగబడుతూనే ఉంది. 1069 చలికాలంలో విలియం ఊళ్ళూ గాదెలూ తగలబెట్టుకుంటూ పోయాడు. ఇక్కడ ఆదోని కోట మూడేళ్ళు నిలిచింది. 1568లో బీజాపూరు అలీ ఆదిల్‌షా సేనాని అంకుశ్‌ఖాన్ దీన్ని పట్టుకున్నాడు.

ఆ తర్వాత జరిగింది మాత్రం హేస్టింగ్స్ కథకు అచ్చుగా సరిపోదు. బీజాపూరు తరఫున ఆదోనిని ఏలినవాళ్ళలో పేరున్న ఇద్దరూ ఆఫ్రికా సంతతి హబ్షీలు. మొదట మలిక్ రహమాన్‌ఖాన్. 1662 నుంచి సిద్ది మసూద్‌ఖాన్. అబిసీనియా మూలాల మనిషి, పారసీ కచేరి, తెలుగూ కన్నడమూ మాట్లాడే రైతులు, లెక్కలు రాసే బ్రాహ్మణ దివాను. ఆ దివాను పేరు వెంకన్న పంతులు. ఆయన పేరుమీదే ఆదోనిలో వెంకన్న బావి ఉంది. వెంకన్న చదువురాని పశువుల కాపరిగా ఉండగా నవాబు ఉత్తరం ఒకటి చదవమన్నాడనీ, రాఘవేంద్రస్వామిని తలచుకోగానే అక్షరాలు నోటికొచ్చాయనీ మఠం వాళ్ళు చెప్పే కథ. ఆ మసూద్‌ఖాన్ నుంచే స్వామివారు తుంగభద్ర ఒడ్డున మంచాల గ్రామం తీసుకున్నారు. నవాబు మూతపెట్టిన పళ్ళెంలో మాంసం పంపడం, మూత తీస్తే పూలూ పండ్లూ కనబడటం ఈ ప్రాంతంలో పాలు తాగే పిల్లలక్కూడా తెలిసిన కథ. 1671లో స్వామి సజీవంగా బృందావనం చేరిన ఆ మంచాలే మంత్రాలయం.

విలియం చనిపోయే 1087 నాటికి ఇంగ్లండులో ఇంగ్లీషు గడ్డన పుట్టిన బిషప్పు ఒక్కడే మిగిలాడు, వుస్టర్‌లో వుల్ఫ్‌స్టన్. తక్కిన పీఠాలన్నీ సముద్రం అవతలి వాళ్ళవి. భూములూ అంతే, ఇరవయ్యేళ్ళలో పెద్ద సాక్సన్ కుటుంబాలు కాగితం మీంచి దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. అక్కడ గెలిచినవాడు పీఠాధిపతుల్ని మార్చాడు, ఇక్కడ గెలిచినవాడు పీఠానికి ఊరు రాసిచ్చాడు. దాన్నిబట్టి మసూద్‌ఖాన్ మంచివాడు, విలియం చెడ్డవాడు అని నేననడం లేదు. ఒక హబ్షీ నవాబుకు ఈ ప్రాంతంలో వెనకాల తన జాతి జనం లేరు. ఉన్నవాళ్ళతోనే ఏలాలి.

ఆ జామియా మసీదు కట్టింది మసూద్‌ఖానే. 1688లో ఔరంగజేబు సేనాని ఫిరోజ్‌జంగ్ ఆదోనిని ముట్టడించాడు. ఈయన కొడుకే తర్వాత హైదరాబాదు మొదటి నిజామయ్యాడు. కోట ఎంతకీ లొంగకపోతే మొగలులు ఫిరంగుల్ని కిందనున్న మసీదు వైపు తిప్పారట. తన ప్రాణంలా కట్టుకున్న మసీదు కూలడం చూడలేక మసూద్‌ఖాన్ కోట తలుపులు తీయించాడని చెబుతారు. ఫిరంగి ఎక్కుపెట్టినవాడూ, తలుపు తీసినవాడూ ఒకే దిక్కుకు తిరిగి నమాజు చేసేవాళ్ళే. బండ మీద కూర్చుని ఆ మసీదునే చూస్తున్నాను. మధ్యాహ్నపు ఎండలో దాని గుమ్మటం మీద పావురాలు దిగుతున్నాయి.

మొగలులు ఊరి పేరు ఇమ్తియాజ్‌గఢ్ అని మార్చారు. టంకసాలలో నాణేల మీద కూడా ఆ పేరే గుద్దారు. నాణేలు సేకరించేవాళ్ళకు తప్ప ఆ పేరిప్పుడు ఎవరికీ అక్కర్లేదు. బస్టాండులో క్లీనర్లు గొంతు చించుకునేది ఆదోని, ఆదోని అనే.

తర్వాతి వందేళ్ళు త్వరగా చెప్పేస్తాను. నిజాము తమ్ముడు బసాలత్‌జంగ్ జాగీరు, ఆయన కొలువులో ఫ్రెంచి సిపాయిలు. 1786లో టిప్పు ముట్టడించి పట్టుకుని కోట గోడలు పడగొట్టించాడు. నేను కూర్చున్న చోటి నుంచి కనబడే తునకలు ఆ పనివే.

దిగివచ్చి హోటల్లో భోజనానికి కూర్చుంటే పక్క టేబులు మీద మటన్ బిర్యానీ. నాకు నవ్వొచ్చింది. పొద్దున కోసిగిలో అరుగుకు కట్టేసి ఉన్నది మేక. ఇక్కడ పళ్ళెంలోకి వచ్చేసరికి మటన్. ఆ మాట నార్మన్ దొరల బల్ల మీది ఫ్రెంచి మాట. వందల ఏళ్ళు ఇంగ్లీషులో ఉండి, ఆదోని హోటలు బోర్డు మీద తెలుగు అక్షరాల్లో కూర్చుంది. బిర్యానీ పారసీ నుంచి. ఆ ప్లేటులో తెలుగుమాట ఉల్లిగడ్డ ఒక్కటే.

---

ఇన్ని కత్తులు తిరిగినా ఊరి చేను గట్టు పెద్దగా కదల్లేదు. కదిలించింది కత్తి పట్టకుండా వచ్చిన విజయం.

1800 అక్టోబరులో నిజాము, తనకు కాపలా ఉన్న ఈస్టిండియా కుంపిణీ పటాలం ఖర్చు కింద ఈ ప్రాంతమంతా కుంపిణీకి రాసిచ్చాడు. అప్పు కింద చేను రాసిచ్చినట్టే. అందుకే దత్త మండలం అన్నారు. థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చాడు. ఆయన కింద ఆదోని భాగం చూసినవాడు విలియం థాకరే. నవల రాసిన థాకరేకు పెదనాన్న వరస. (ఈ ఆదోని థాకరే తమ్ముడు ఒకడు 1824లో కిత్తూరు దగ్గర రాణి చెన్నమ్మ సైన్యం చేతిలో చచ్చిపోయాడు. ఆ కుటుంబం మన దిక్కున బాగానే తిరిగింది.)

పోరాటమే లేదనడం కూడా తప్పే. 1801లో దేవనకొండ దగ్గర తెర్నేకల్లు ఊరు కుంపిణీ పన్ను కట్టనంది. ముత్తుకూరు గౌడప్ప ముందు నిలబడ్డాడు. మట్టి కోట మీదికి వెళ్ళిన పటాలం మొదటిసారి తిరిగి రావలసివచ్చింది. తర్వాత ఫిరంగులు తెచ్చి కోట పడగొట్టి గౌడప్పను ఉరితీశారు. దత్త మండలంలో ఎనభైమంది పాలెగాళ్ళ లెక్క కూడా మన్రో కొన్నేళ్ళలోనే తేల్చేశాడు.

ఆ తర్వాత అసలు పని. 1802 జూనులో సర్వే మొదలైంది. అప్పటికి భూమి కొలవడం తెలిసినవాళ్ళు మన్రో కచేరిలో నలుగురే నలుగురు గుమాస్తాలు. వాళ్ళే ఇంకొందరికి నేర్పారు, ఆ కొందరు మరికొందరికి; చివరికి నూరుమంది అయ్యారు. చేతిలో ముప్పైమూడు అడుగుల గొలుసు. గొలుసంత పొడవు, గొలుసంత వెడల్పు ఉన్న చదరం ఒక గుంట. నలభై గుంటలు ఎకరా. అంతకుముందు ఈ ప్రాంతంలో చేనును విత్తనం లెక్కన, నాగళ్ళ లెక్కన చెప్పుకునేవాళ్ళు. తూమెడు చేను అంటే తూమెడు గింజలు పడతాయని. మంచి నేలైతే తక్కువ జాగాలోనే పడేది, చవిటిదైతే ఎక్కువ కావాల్సి వచ్చేది. ఆ లెక్కలో నేల సారం కూడా కలిసి ఉండేది. గొలుసుకు అది తెలియదు. అందుకని గొలుసు వెనక మళ్ళీ ఇంకో జట్టు తిరిగింది, మెట్టా తడీ తోటా అని వర్గాలు కట్టుకుంటూ. 1807కు లెక్క పూర్తయింది. ప్రతి చేనుకూ నంబరు పడింది, ప్రతి నంబరుకూ ఒక మనిషి పడ్డాడు. మధ్యలో జాగీర్దారు లేడు, పాలెగాడు లేడు. రైతు, సర్కారు, రెండే.

ఇక్కడే నాకు డూమ్స్‌డే గుర్తుకొచ్చేది. 1085 క్రిస్మస్‌కు గ్లాస్టర్‌లో కొలువు తీర్చి విలియం ఆజ్ఞ వేశాడు. మరుసటేడు మనుషులు జిల్లాలన్నీ తిరిగారు. ఊరిలో ఎవర్ని అడిగారంటే పాదిరీని, ఊరి పెద్ద రీవ్‌ను, ఇంకా ఆరుగురు కాపుల్ని. మన్రో మనుషులు అడిగింది రెడ్డిని, కరణాన్ని, నలుగురు రైతుల్ని. గెలిచినవాడు ఎంత గొప్పవాడైనా ఊళ్ళోకి వచ్చేసరికి కరణం ఇంటి ముందు ఆగాల్సిందే. విలియం సాక్సన్ల షైర్లను, హండ్రెడ్లను, రీవులను తీసెయ్యలేదు. షెరీఫు అన్న మాట షైరు రీవే. కుర్చీ సాక్సన్లది, కూర్చున్నవాడు నార్మన్. మన్రో కూడా కరణాన్ని కదపలేదు. బొగ్గూ చింతగింజల గుజ్జూ పట్టించిన నల్లగుడ్డను పుస్తకంలా మడిచి, బలపంతో రాసే కడితం ఆయనకు ముందూ ఉంది, తర్వాతా ఉంది. తళ్ళికోటలో తిన్న దెబ్బకూ, మొగలాయికీ, టిప్పుకీ, కుంపిణీకీ చెక్కుచెదరని కరణీకం 1984 జనవరిలో ఎన్.టి.రామారావు ఆర్డినెన్సుతో పోయింది.

మన్రోను మనవాళ్ళు దేవుణ్ణి చేసేశారు. మన్రోలప్ప అని పిల్లలకు పేర్లు పెట్టుకున్నారు. మఠం మాన్యం విషయం తేల్చడానికి మంత్రాలయం పోతే రాఘవేంద్రస్వామి బృందావనంలోంచి లేచి ఆయనొక్కడికే కనబడి మాట్లాడారని కథ. 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో పోయాడు, గుత్తిలో పూడ్చి తర్వాత మద్రాసుకు మార్చారు. నాకాయన మీద గౌరవమే. పన్ను రేట్లు పావువంతు తగ్గించాలని 1807లో రాసింది ఆయనే. కుంపిణీ వినలేదు, మూడేళ్ళకూ, పదేళ్ళకూ ఊళ్ళను గుత్తకిచ్చి, గుత్తదార్లనూ ఊళ్ళనూ ముంచింది. తగ్గింపు రావాలంటే మన్రో గవర్నరుగా 1820లో మళ్ళీ రావలసి వచ్చింది. కానీ దేవుడన్నంత మాత్రాన గొలుసును మరిచిపోకూడదు. చేను నంబరైన రోజునుంచి, వాన రాని ఏడాది కూడా నంబరుకు పన్ను ఉండేది. నంబరు సుగ్గికి పోదు.

---

సాయంత్రం తిరిగొచ్చేసరికి సర్వర్ లేచింది. పెదనాయన కాగితం పుచ్చుకుని, తలకిందులుగా ఒకసారి చూసి, నా చేతికిచ్చాడు. "చదువు సార్."

చదివాను. పైన ఫసలీ. ఫసలీ అక్బరు పెట్టిన పంట సంవత్సరం; ఏటా జూలై 1న మారుతుంది, ఆ రోజు మన సంవత్సరంలోంచి 590 తీసేస్తే వస్తుంది. అక్బరు వంశం పోయింది, పంచాంగం మాత్రం ప్రింటర్లోంచి వస్తోంది. అడంగల్ తమిళ మాట, మద్రాసు నుంచి వచ్చింది. పట్టాదారులో సగం పారసీ. సర్వే నంబరు, ఎకరాలు, సెంట్లు ఇంగ్లీషు.

ఇంగ్లీషు అన్నానుగానీ, అక్కడే మెలిక. సర్వే నార్మన్ల వెంట పోయిన ఫ్రెంచి మాట. ఎకరా అట్లా కాదు. అది అచ్చమైన సాక్సన్. చేను అని దాని అర్థం. హేస్టింగ్స్‌లో ఓడినవాళ్ళ మాట. దొరల కోర్టూ, జడ్జీ, టాక్సూ అన్నీ ఫ్రెంచి అయిపోయినా, పొలం దున్నేవాడి నోట్లో చేనుగా మిగిలి, కొలతగా మారి, ఏడు వందల ఏళ్ళకు మన్రో గొలుసు పట్టుకుని కోసిగి రేగట్లో దిగింది. ఓడినవాడి చేను మీద ఇంకో ఓడినవాడి చేను.

ఆ కాలపు రాతల్లో నార్మన్లు పొలం పనివాణ్ణి పిలిచిన మాట విలేన్. ఊరివాడు అని అర్థం. దొర నోట్లో నాని నాని అది నీచుడయింది, నాటకాల్లో దుర్మార్గుడయింది. మన సినిమాలకొచ్చి విలన్ అయింది. మరి రైతు? అరబీలో రయ్యత్ అంటే మేతకు తోలిన మంద. కాపరి రాజు, మంద జనం. కాపు, సేద్యగాడు అనే మాటలుండగా మనం ఆ మాట తెచ్చుకున్నాం. చేలో పనిముట్లేవీ పేరు మార్చుకోలేదు, వాటిని పట్టుకున్నవాడు మార్చుకున్నాడు. అయితే ఇంగ్లీషువాడు ఆ మాటను తిట్టు చేశాడు, మనం అన్న అని చేర్చుకుని రైతన్నను చేశాం. ఈ ఒక్కచోట మన భాష చేసిన పనే నాకు బాగుంది.

"ఎంత రాసినారు?" అన్నాడు పెదనాయన.

"డెబ్బైయెనిమిదే ఉంది పెద్దాయనా."

ఆయన ఏమీ అనలేదు. "పాండి, చేను చూద్దురు," అన్నాడు.

ఊరి బయట, రైలు పట్టాలు కనబడే దూరంలో చేను. కాయ పట్టిన శనగ. గట్టు మూల మీద సగం పూడిపోయిన రాయి, దాని నెత్తిన చెక్కిన గీతలు. దానికో మేకను కట్టేసి ఉన్నారు. అది మెడ తాడు సాగదీసి పక్కవాళ్ళ శనగ అందుకోవాలని చూస్తోంది. 2020 నుంచి డ్రోన్లూ రోవర్లూ పట్టుకుని మళ్ళీ సర్వేలు మొదలైనాయి. ఈ రాయిని వాళ్ళు లెక్కలోకి తీసుకుంటారో లేదో.

"ఇది మా అవ్వ చేను," అన్నాడాయన. "మా అవ్వ ఈడనే కాన్పైందంట. అవతలది గుండు చేను. ఆ దిగువది కోమటోళ్ళ మడి. కోమటోళ్ళు యాడుండారో ఎవరికీ తెలీదు, మడి పేరు అట్లనే ఉండాది."

"సర్వే నంబరు?"

"అది కాగితంలో ఉంటాది గదప్పా. మనకేంటికి?"

నేను ఆయనకు విలియం రాజు కథ చెప్పాను. పాదిరీ, రీవు, ఆరుగురు కాపులు. ఎన్ని నాగళ్ళు, ఎన్ని ఎద్దులు, ముందెవరిది, ఇప్పుడెవరిది. శ్రద్ధగా విన్నాడు. తువ్వాలుతో మొహం తుడుచుకుని అడిగాడు:

"ఆ ఆరుమంది చెప్పిందే రాసుకున్నారా, లేకుంటే మన కరణం మాదిరి ముందే రాసుకోనొచ్చి వీళ్ళని అడిగినారా?"

చరిత్ర చెప్పే ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఏళ్ళతరబడి చెప్పిన పాఠంలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు.

ఆయన మేక తాడు విప్పి, రెండు చుట్లు తగ్గించి, మళ్ళీ రాయికే కట్టాడు. పొద్దున స్టేషన్లో మిగిలిపోయినవాళ్ళ కోసమేమో, గుంతకల్లు వైపు పోయే బండి కూత వేసింది.